నట్టు దొరికాక కూడా ఆగని నివేదిక

రైలు పట్టాలు తప్పిందని వార్త వస్తే చాలు, కారణాలకు కరువుండదు. డ్రైవరు వేగంగా నడిపాడని ఒకరు, పట్టా మీద ఎవరో ఏదో పెట్టారని ఇంకొకరు, పట్టాలు పాతవని, పెట్టెలు పాతవని, వానకు కట్ట కుంగిందని, ఎండకు పట్టా మెలి తిరిగిందని మరికొందరు. సాయంత్రానికల్లా టీవీలో ఇవన్నీ వరసగా వచ్చేస్తాయి. వీటిలో ఏదీ అసాధ్యం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ప్రతి ఊహకూ ఎక్కడో ఒకచోట నిజంగా జరిగిన ప్రమాదం ఒకటి సాక్ష్యంగా నిలబడుతుంది. సాధ్యమైన కారణాలు పదీ పదిహేనూ ఉన్నప్పుడు ఆ రోజు, ఆ చోట, ఆ రైలును పడదోసింది ఏదో తేల్చడం ఒక విద్య. టేపు, సుద్దముక్క, కెమెరా, బోలెడంత ఓపిక కావాలి. తొందరపడి నోరు జారకూడదు.

ఆ విద్యలో పనితనం ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే బ్రిటన్‌లో 2008 అక్టోబరులో వెలువడిన గ్రేరిగ్ ప్రమాద నివేదిక చదవాలి. ఇంగ్లండ్ వాయవ్యాన కంబ్రియా కొండల మధ్య గ్రేరిగ్ అనే చిన్న ఊరుంది. 2007 ఫిబ్రవరి 23 రాత్రి ఎనిమిది దాటాక, లండన్ నుంచి గ్లాస్గో వెళ్తున్న పెండొలినో ఎక్స్‌ప్రెస్ ఆ ఊరి దగ్గర పట్టాలు తప్పింది. అప్పుడు దాని వేగం గంటకు 153 కిలోమీటర్లు. తొమ్మిది పెట్టెలూ పట్టాలు దిగాయి. ఎనిమిది కట్ట మీద నుంచి కిందికి జారాయి. అయిదు పక్కకు పడిపోయాయి. రైల్లో నూరు మందికి పైగా ఉన్నారు. ఒక వృద్ధురాలు మరణించారు. డ్రైవరుతో సహా 30 మందికి తీవ్ర గాయాలయ్యాయి. పెట్టెల డొల్లలు చితికిపోకుండా గట్టిగా నిలబడినందువల్లే ప్రాణనష్టం అంతటితో ఆగింది.

దర్యాప్తు చేసింది ఆర్‌ఏఐబీ, అంటే రైల్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్రాంచ్. 1999లో లండన్‌లోని లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర రెండు రైళ్లు ఢీకొని 31 మంది చనిపోయాక, విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ ఇలాంటి స్వతంత్ర సంస్థ ఒకటి ఉండాలని సిఫారసు చేశారు. 2003లో చట్టం వచ్చింది, 2005లో సంస్థ పని మొదలుపెట్టింది. దోషిని పట్టుకోవడం, పరిహారం తేల్చడం దాని పని కాదని ఆ చట్టమే చెబుతుంది. మళ్లీ అలాంటిది జరగకుండా చూడటం ఒక్కటే దాని పని. ఈ ఒక్క నియమం వల్ల నివేదిక తీరే మారిపోయింది. ఎలాగన్నది తర్వాత చూద్దాం. ముందు ఈ విద్యలో ఓనమాలు తెలుసుకోవాలి.

రైలు చక్రానికి లోపలివైపు ఒక అంచు ఉంటుంది, దాన్ని ఫ్లాంజ్ అంటారు. దాని ఎత్తు ఇంచుమించు మూడు సెంటీమీటర్లు. చక్రం పట్టాను తాకే చోటు చిన్న నాణెమంత. టన్నుల కొద్దీ బరువు ఆ నాణెమంత చోటు మీదే నడుస్తుంది, ఆ మూడు సెంటీమీటర్ల అంచే రైలును దారిలో నిలబెడుతుంది. మామూలుగా ఫ్లాంజ్‌కు పెద్దగా పని ఉండదు. చక్రం నడిచే భాగం కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది గనక, ఇరుసు ఒక పక్కకు జరిగితే తనంతట తనే మధ్యకు వస్తుంది. వంపుల్లో, పాయింట్ల దగ్గర, పట్టా సరిగా లేనిచోట ఫ్లాంజ్ రంగంలోకి దిగుతుంది.

ఫ్లాంజ్ పట్టా మీదికి ఎప్పుడు ఎక్కుతుంది? దీనికి నడాల్ అనే ఫ్రెంచ్ ఇంజినీరు నూరేళ్ల కిందటే ఒక సూత్రం కట్టాడు. చక్రాన్ని పక్కకు నెట్టే బలాన్ని, దాన్ని కిందికి అదిమే బరువుతో భాగించాలి. ఆ నిష్పత్తి ఒక హద్దు దాటితే చక్రం పట్టా ఎక్కుతుంది. హద్దు ఎంతన్నది ఫ్లాంజ్ కోణం మీద, రాపిడి మీద ఆధారపడుతుంది. కోణం 68 డిగ్రీలు, రాపిడి గుణకం 0.25 అనుకుంటే హద్దు సుమారు 1.4. పట్టా పొడిగా, గరుకుగా ఉండి రాపిడి 0.5కు పెరిగితే అదే హద్దు 0.9 దగ్గరికి దిగిపోతుంది. నిన్నటిదాకా సాఫీగా పోయిన రైలు ఇవాళ ఎందుకు ఎక్కిందన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇక్కడ దొరుకుతుంది. వంపుల్లో బయటి పట్టా లోపలి అంచుకు మన ట్రాక్‌మెన్ గ్రీజు పూయడం వెనక ఉన్నది ఈ లెక్కే. లేత్ మీద కొత్తగా కోసిన చక్రాన్ని దర్యాప్తుదారులు కాస్త అనుమానంగా చూసేదీ ఇందుకే. కొత్త కోత గరుకుగా ఉంటుంది.

సూత్రం కాగితం మీద ఉంటుంది, సాక్ష్యం పట్టా మీద ఉంటుంది. ప్రమాదస్థలానికి వెళ్లిన మామూలు మనిషి చూపు నుజ్జయిన పెట్టెల మీద పడుతుంది. పని తెలిసినవాడు అక్కణ్ణించి వెనక్కి నడుస్తాడు. విరిగిన స్లీపర్లు, వంగిన క్లిప్పులు, కంకరలో చాళ్లు దాటుకుంటూ మొట్టమొదటి గుర్తు దాకా వెళ్తాడు. పెట్టెలు పడిన తీరు తర్వాత ఏం జరిగిందో మాత్రమే చెబుతుంది. కారణం ఆ మొదటి గుర్తుకు ముందు ఎక్కడో ఉంటుంది.

ఆ గుర్తును దగ్గరగా చూడండి. చక్రం నిదానంగా ఎక్కి ఉంటే పట్టా లోపలి మూలన సన్నని గీత మొదలై, పట్టా తల మీదుగా ఏటవాలుగా కొన్ని మీటర్లు సాగి, బయటి అంచున ఆగిపోతుంది. అది మొదలైన చోటు చక్రం ఎక్కిన చోటు, ఆగిన చోటు చక్రం దిగిన చోటు. మన రైల్వేలో ఎక్కిన చోటును సున్నాగా పెట్టుకుని, అటూ ఇటూ వరసగా సుద్దతో గుర్తులు వేసి, ప్రతి గుర్తు దగ్గరా గేజ్, రెండు పట్టాల ఎత్తుల తేడా, వంపు కొలుస్తారు. గీత పొడవుగా ఉంటే చక్రం మీద పక్క నుంచి బలం చాలాసేపు పనిచేసిందని అర్థం. అప్పుడు పట్టా కొలతలు, చక్రాల అరుగుదల, స్ప్రింగులు, పెట్టెలో బరువు సర్దిన తీరు ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. గీతే లేకుండా చక్రం ఒక్కసారిగా పట్టా దాటి పడి ఉంటే కథ వేరు. ఏదో విరిగిందనో, అడ్డం వచ్చిందనో, చక్రం కింద బరువు ఉన్నట్టుండి తేలిపోయిందనో వెతకాలి.

పట్టా విరిగి ఉంటే ఇంకో ప్రశ్న పుడుతుంది. పట్టా విరిగినందువల్ల రైలు పడిందా, రైలు పడినందువల్ల పట్టా విరిగిందా? జవాబు విరిగిన ముఖం మీదే ఉంటుంది. ముఖమంతా తాజాగా మెరుస్తుంటే అది అప్పటికప్పుడు తెగింది. అందులో ఒక భాగం నల్లబడి, తుప్పు రంగులోకి తిరిగి, నునుపుగా ఉంటే అక్కడ పగులు ముందునుంచే ఉంది. నెలల తరబడి ప్రతి చక్రం కిందా కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. 2000 అక్టోబరు 17న లండన్‌కు ఉత్తరాన హాట్‌ఫీల్డ్ దగ్గర ఇలాగే జరిగింది. పట్టా మూడు వందలకు పైగా ముక్కలైంది, నలుగురు చనిపోయారు. ముక్కలన్నీ ఏరి వరసగా పేర్చి చూస్తే పట్టా మూల పొడవునా పగుళ్లు కనిపించాయి. చక్రం పదేపదే దొర్లడం వల్ల లోహం అలసి పుట్టిన పగుళ్లవి.

తొలి ఊహ ఎంత దారి తప్పించగలదో జర్మనీలోని ఎషెడే ప్రమాదం చూపించింది. 1998 జూన్ 3న అక్కడ హైస్పీడ్ రైలు పట్టాలు తప్పి వంతెన స్తంభాన్ని కొట్టింది, 101 మంది చనిపోయారు. శిథిలాల్లో ఒక కారు దొరికింది. వంతెన మీద నుంచి కారు పట్టాల మీద పడి ఉంటుందని మొదట్లో అనుమానించారు. అసలు కారణం అంతకు కిలోమీటర్ల వెనక ఉంది. ఒక చక్రానికి చుట్టూ బిగించిన ఉక్కు పట్టీ లోపలినుంచి పగిలి తెగింది. ఆ కారు అక్కడ పనిమీద వచ్చిన రైల్వే సిబ్బందిది. ప్రమాదంలో వాళ్లూ పోయారు.

జపాన్‌లోని అమగసాకిలో 2005 ఏప్రిల్ 25న కారణం వేగం. గంటకు 70 కిలోమీటర్లు దాటకూడని వంపులోకి రైలు 116తో వచ్చింది, డ్రైవరుతో కలిపి 107 మంది పోయారు. అదే ఏడాది అక్టోబరు 29న మన వలిగొండ దగ్గర కారణం నీళ్లు. చెరువుకు గండి పడి వరద చిన్న వంతెనను కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ తెల్లవారుజామున ఆ గండిలో పడి నూరు మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడ పట్టానూ చక్రాన్నీ ఎంత కొలిచినా లాభం లేదు, చెరువు కట్ట దాకా నడవాలి. రైలు మార్గానికి ముప్పు తేగల చెరువుల జాబితా ఒకటి రైల్వే దగ్గర ఉండటానికి, వానాకాలం ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని చూసి రావడానికి అర్థం ఇదే.

ఇక గ్రేరిగ్‌కు వద్దాం. వెనక్కి నడిచినవాళ్లు ఆగింది లాంబ్రిగ్ 2బి అనే పాయింట్ల దగ్గర. ఒక లైను నుంచి ఇంకో లైనుకు రైలును మళ్లించే ఏర్పాటును పాయింట్లు అంటారు. అందులో రెండు స్థిరమైన పట్టాలు (స్టాక్ రైళ్లు), వాటి పక్కన కదిలే రెండు పట్టాలు (టంగ్ రైళ్లు) ఉంటాయి. నేరుగా పోవాల్సిన రైలుకు ఒక టంగ్ రైలు తన స్టాక్ రైలుకు అతుక్కుని ఉండాలి, రెండోది చక్రం అంచు పట్టేంత ఎడంగా తెరుచుకుని ఉండాలి. ఆ ఎడం ఎప్పుడూ ఒకేలా ఉండటానికి రెండు టంగ్ రైళ్లను కలుపుతూ అడ్డంగా స్ట్రెచర్ బార్లు బిగిస్తారు. లాంబ్రిగ్‌లో మామూలు బార్లు మూడు, వాటికి తోడు లాక్ స్ట్రెచర్ బారు ఒకటి ఉండాలి. ప్రమాదం నాటికి ఆ ఏర్పాటంతా చెదిరిపోయింది. తెరుచుకుని ఉండాల్సిన ఎడమ టంగ్ రైలు పట్టు లేక స్టాక్ రైలు వైపు జరిగిపోయింది. వచ్చిన చక్రాలు రెండు టంగ్ రైళ్ల నడుమ ఇరుకవుతూ పోయే దారిలో చిక్కి, పట్టా ఎక్కి దిగాయి.

ఈలోగా మిగతా అనుమానాలను నివేదిక ఒక్కొక్కటిగా పక్కన పెట్టింది. వేగం పరిమితిలోనే ఉందని రైల్లోని రికార్డరు చెప్పింది. రైల్లో గానీ డ్రైవరు నడిపిన తీరులో గానీ లోపం లేదు. ఎవరూ కావాలని చేసిన పనీ కాదు. పాయింట్లలో బార్లు ఊడాయి, టంగ్ రైలు జరిగింది, రైలు పడింది. చాలా విచారణలు ఇక్కడ ముగిసిపోతాయి. నట్లు వదులయ్యాయని రాసి, చూసుకోవలసినవాణ్ణి సస్పెండ్ చేసి, ఫైలు మూసేస్తారు. గ్రేరిగ్ నివేదిక గొప్పతనం ఇక్కణ్ణించి మొదలవుతుంది.

మొదటి ప్రశ్న: ఏది ముందు ఊడింది? బోల్టుల మర, విరిగిన ముఖాలు, అరుగుదల గుర్తులు పోల్చి చూసి క్రమం తేల్చారు. మూడో బారును టంగ్ రైలుకు పట్టి ఉంచే బోల్టుల అతుకు ముందు విడిపోయింది. దాంతో ఆ భారం మిగతా బార్ల మీద పడింది, అవీ ఒకదాని వెనక ఒకటి దెబ్బతిన్నాయి.

రెండో ప్రశ్న: మిగతావి అంత త్వరగా ఎందుకు పోయాయి? పాయింట్ల అమరికలో కొలత సరిగా లేదు. దాంతో దాటే ప్రతి చక్రం లోపలి ముఖం టంగ్ రైలును తాకుతూ పోయింది. ఆ తాకిడి బలమంతా స్ట్రెచర్ బార్ల మీదికి వచ్చింది. గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో పోయే రైళ్ల దారిలో ఈ దెబ్బ ఇరుసు ఇరుసుకూ పడుతుంది.

మూడో ప్రశ్న: ఎవరూ చూడలేదా? ఆ పాయింట్లను ఫిబ్రవరి 18 ఆదివారం నడిచి చూడాల్సి ఉంది. ఆ తనిఖీ జరగలేదు. ఒక సూపర్‌వైజరు తన తనిఖీతో పాటు ఆ పనీ కలిపి చేస్తానని ఒప్పుకున్నాడు, తీరా ఆ రోజు పాయింట్ల దాకా వెళ్లడం మరిచిపోయాడు. దాన్ని అతని మతిమరుపుగా రాసి వదిలేయవచ్చు. నివేదిక అలా వదల్లేదు. రైళ్లు ఆగని ఆ లైను మీద నడవడానికి సిబ్బందికి ఎంత సమయం దొరుకుతోంది, ఎందుకు ఆదివారం ఉదయాల మీదే ఆధారపడాల్సి వచ్చింది, ఒక తనిఖీ తప్పిపోతే ఆ సంగతి పైవాళ్లకు తెలిసే దారి ఉందా అని అడిగింది. ప్రమాదానికి రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 21న, పట్టాలను కొలిచే ప్రత్యేక రైలు ఆ పాయింట్ల మీదుగా పోయింది. దాని వీడియోలో ఒక బారు లేకపోవడం కనిపిస్తోంది. కెమెరా చూసింది, మనిషి చూడలేదు. ఎందుకంటే ఆ వీడియోను అందుకోసం చూసే ఏర్పాటే లేదు.

నాలుగో ప్రశ్న దగ్గర పనితనం శిఖరానికి చేరింది. సరిగ్గా బిగిస్తే, వేళకు చూస్తే, ఆ అతుకు నిలబడేదేనా? ఇది అడగడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అలాంటి బార్లు దేశమంతటా ఉన్నాయి. దర్యాప్తు బృందం పాయింట్లకు కొలత పరికరాలు తగిలించి, రైళ్లు దాటేటప్పుడు ఏ బారు మీద ఎంత బలం పడుతోందో చూసింది. బోల్టుల అతుకులను విడిగా పరీక్షించింది. చక్రాలు తాకే పరిస్థితుల్లో వచ్చే బలాలను ఆ అతుకు బిగింపు తట్టుకోలేకపోవచ్చని తేలింది. అంటే నట్టు వదులవడంలో ఒక మనిషి అశ్రద్ధ ఎంతుందో, నమూనా బలహీనత కూడా అంతే ఉంది. ఆ బార్ల మీద ఎంత బలం పడుతుందో రైల్వే పరిశ్రమకే పూర్తిగా తెలియదన్న మాట నివేదికలోకెల్లా పెద్ద మాట.

ఇంకో సంగతి ఈ ప్రశ్నకు బరువు పెంచింది. 2002 మే 10న ఇంగ్లండ్‌లోనే పాటర్స్ బార్‌లో కూడా పాయింట్ల బార్లు, నట్లు చెదిరి రైలు పట్టాలు తప్పింది, ఏడుగురు చనిపోయారు. అక్కడి బార్లు సర్దుబాటు చేయగల రకం. గ్రేరిగ్‌లోవి స్థిరమైన రకం. రకం వేరు గనక ఆ పాఠం ఇక్కడికి పూర్తిగా రాలేదు. ఫలానా నట్టు వదులైంది అని రాసిన నివేదిక ఫలానా నట్టును మాత్రమే బాగుచేస్తుంది. అతుకు ఏ సూత్రం మీద నిలబడిందో అడిగిన నివేదిక మాత్రమే రెండో రకం బారును కూడా కాపాడుతుంది. గ్రేరిగ్ నివేదిక చేసిన 29 సిఫారసుల్లో నమూనా, అమరిక, తనిఖీ, సిబ్బంది పనిగంటలు, రికార్డులు అన్నీ ఉన్నాయి. తర్వాతి కాలంలో, బ్రిటన్‌లో పట్టాలను చూసుకునే సంస్థ నెట్‌వర్క్ రైల్ గొట్టం ఆకారంలో కొత్త స్ట్రెచర్ బారును తయారు చేసుకుంది.

రాసిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. మొదట నాలుగు మాటల్లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పేస్తుంది. తర్వాత సాక్ష్యం, దాని మీద విశ్లేషణ, ఆ పైన నిర్ణయం విడివిడిగా నడుస్తాయి. ఏది చూసింది, ఏది లెక్కకట్టింది, ఏది అంచనా వేసింది కలిసిపోవు. కారణాలను తక్షణ కారణం, దానికి దారితీసినవి, వాటి వెనక ఉన్నవి అని మెట్లుగా పేర్చుతుంది. సిబ్బంది పేర్లు ఎక్కడా ఉండవు, హోదాలు మాత్రమే ఉంటాయి. దోషిని వెతకనక్కర్లేదన్న చట్టం ఇక్కడ అక్కరకొచ్చింది. శిక్ష పడదని తెలిసిన మనిషి ఆ ఆదివారం ఏం మరిచిపోయాడో నిజం చెప్పగలడు. శిక్ష వేరే దారిలో వచ్చింది. 2012 ఏప్రిల్‌లో ప్రెస్టన్ కోర్టు నెట్‌వర్క్ రైల్‌కు 40 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

లోటు లేదని కాదు. నివేదిక చాలా పొడవు. పరిభాష వెంబడి పోవడానికి ఓపిక కావాలి. మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి ఆ వందల పేజీల చల్లని వాక్యాలు ఓదార్పు ఇవ్వవు. అయితే ఆ చల్లదనం లేకపోతే నాలుగో ప్రశ్న దాకా వెళ్లడం కుదరదు. కోపంగా ఉన్నవాడికి మూడో ప్రశ్న దగ్గరే మనిషి దొరికిపోతాడు.

మన దేశంలో ఈ పని చేసేది రైల్వే భద్రతా కమిషన్. దాన్ని రైల్వే శాఖ కింద ఉంచలేదు, పౌర విమానయాన శాఖ కింద పెట్టారు. రైళ్లు నడిపేవాళ్లే తమ తప్పు తాము విచారించుకోకూడదన్న ఆలోచనతో 1941లోనే తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డు నుంచి వేరు చేశారు. పునాది మంచిది. సుద్దముక్కతో సున్నా గీసి, పట్టా తల మీద గీత చదవగల మనుషులు మనకూ తక్కువ లేరు. చేతిలో సుత్తి, స్పానరు పట్టుకుని రోజూ తన బీటు నడిచే కీమ్యాన్ ఎన్నో ప్రమాదాలను వార్త కాకముందే ఆపుతున్నాడు. అలాంటి మనిషి ఒక రోజు ఒక చోటు దాకా నడవలేకపోతే, అతన్ని అడగాల్సిన ప్రశ్నలకంటే అతనికి ఆ బీటు ఎంత పొడవు ఇచ్చామో, ఎంత సమయం ఇచ్చామో మనల్ని మనం అడగాల్సిన ప్రశ్నలు ఎక్కువుంటాయి.

ఈసారి ఎక్కడైనా రైలు పట్టాలు తప్పిందని విన్నప్పుడు, కారణం ఎవరన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. చక్రం మొదట ఎక్కిన చోటు దొరికిందా, విరిగిన ముఖం పాతదా కొత్తదా, చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, అదే భాగం దేశంలో ఇంకా ఎన్నిచోట్ల ఉంది అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు రానంతవరకు ఆ దర్యాప్తు పూర్తి కానట్టే.